పెరటికి శిస్తు లేదు

మన పల్లెలలో ప్రతి సంసారికిని శిస్తు లేని నేల కొంత కలదు. అది దేవుని మాన్యము కాదు. ఏ రాజో రాగిరేకు మీద వ్రాసి యిచ్చిన అగ్రహారమును కాదు. ఆ సంసారి కాపురమున్న నేలయే అది. ఇల్లు, ఇంటి ముందరి వాకిలి, వెనుక పెరడు, పెరటిలో మునగచెట్టు, గేదెను కట్టు పాక, గడ్డివామి, పెంటదిబ్బ - వీని క్రింద నున్న నాలుగు సెంట్లకు జమాబందీలో లెక్క లేదు. వెనుకటి దినములలో కరణము చేను చేనుకును పోయి, పైరు చూచి, అడంగలులో వ్రాసికొనెడివాడు. ఊరి పొలిమేర దాటి ఇండ్ల నడుమకు వచ్చిన తరువాత ఆ పుస్తకముతో ఆయనకు పని లేదు. ఊరి వెలుపల ప్రతి సెంటుకును ఒక నెంబరు, ఒక తరము, ఒక శిస్తు. ఊరి లోపలి నేల కంతటికిని ఒకటే పేరు: గ్రామకంఠము. రాయలసీమలోను నెల్లూరు ప్రాంతమునను దానినే నత్తమందురు. తెలంగాణమున ఆబాదీ యందురు.

కొంతకాలము క్రిందట గ్రామీణుల కొరకు చేయు ప్రసంగములో ఈ సంగతిని ముచ్చటించుచు, బీదవాని గూటినేల మీద పన్ను లేకుండుట మన పూర్వుల దయకు గురుతు అని మేము అంటిమి. వారము తిరుగక ముందే డెల్టా ప్రాంతము నుండి శ్రోత యొకరు ఉత్తరము వ్రాసిరి. దాని సారాంశ మిది: "మా తాత కట్టిన ఇంటిలో మేము మూడవ తరమువారము. ఎకరమున్నర పొలమున్నది; దానికి పట్టా ఉన్నది, పాసుపుస్తకము ఉన్నది. ఇంటికి మాత్రము ఏమియు లేదు. అమ్మాయి చదువు కొరకు అప్పునకు పోయినచో, ఇంటి కాగితము తెమ్మనిరి. శిస్తు కట్టని నేలకు కాగితము ఎక్కడ నుండి వచ్చును? మీరు దయ యన్నది మా పాలిట అడ్డుకట్ట యైనది." ఈ ఉత్తరము చదివిన పిమ్మట మా మాటను మేము మరల తరచి చూచుకొనవలసి వచ్చినది. ఆ తరచుటలో తేలిన చరిత్రయే ఈ వ్యాసము.

పన్ను ఎంత పాతదో మినహాయింపును అంత పాతది. నాసికము కొండగుహలో గౌతమీపుత్ర శాతకర్ణి తన 18వ రాజ్యవర్షమున వేయించిన శాసనమొకటి కలదు. సన్యాసులకు 200 నివర్తనముల పొలమును దానమిచ్చుచు ఆ రాజు దానికి కొన్ని "పరిహారములు" కల్పించెను. రాజు మనుష్యులు ఆ పొలమున ప్రవేశింపరాదు. ఉప్పు కొరకు దానిని త్రవ్వరాదు. అధికారులు అందు జోక్యము చేసికొనరాదు. పరిహారమను మాటను నేడు మనము నష్టమునకు బదులుగా ఇచ్చు సొమ్మునకు వాడుచున్నాము. నాడు దాని అర్థము మినహాయింపు. రాజు తన చేతిని తాను వెనుకకు తీసికొనుటయే పరిహారము.

తరువాత 4వ శతాబ్దిలో పల్లవ శివస్కందవర్మ ఇచ్చిన హిరహడగల్లి తామ్రశాసనము ఇంకను విపులమైనది. ఆ ఊరు నాటి బళ్లారి సీమలోనిది. దానము పొందినవారికి ఇంటి కొరకు ఒక నివర్తనము, కళ్లము కొరకు ఒక నివర్తనము వేరుగా చూపిరి. ఆ నేల నుండి పాలు, పెరుగు తీసికొనరాదు. గడ్డి, కట్టెలు తీసికొనరాదు. కూరలు, పూవులు తీసికొనరాదు అని పరిహారముల పట్టిక వ్రాసిరి. ఈ పట్టికను ఇంకొక వైపు నుండి చదువవలెను. దానము పొందిన కొద్దిమందికి తప్పిన బాధలివి యైనప్పుడు, దానము పొందని సామాన్య గృహస్థు అనుభవించిన బాధలును ఇవియే గదా! ఆ ఊరి మీదుగ రాజు మనుష్యులు పోయినప్పుడు కాపువాని పెరటిలోని పాదు మీది కాయయు, వామిలోని గడ్డియు, చట్టిలోని పెరుగును అతనివి కావు. పండితుని పెరటికి పరిహారము శాసనమున కెక్కినది. కాపువాని పెరటికి పరిహారము లేదు. కావున శాసనమును లేదు.

విజయనగర రాజుల కాలమునకు వచ్చునప్పటికి పన్నుల పేర్లు మన చెవికి తెలుగుననే వినబడుచున్నవి. ఇంటికి ఇల్లరి, మగ్గమునకు మగ్గరి, పశువులు మేయు గడ్డికి పుల్లరి. ఆ దినములలో ఇల్లు పన్నునకు బయట లేదు. ఒక్కొక్కప్పుడు ఒక వృత్తివారికి గాని, ఒక ఊరివారికి గాని మినహాయింపు దొరకెడిది. సదాశివరాయల కాలమున అళియ రామరాజు, కొండోజు అను క్షురకుని సేవకు మెచ్చి, ఆ వృత్తివారికి పన్నులును వెట్టియు లేకుండ చేసెను. ఆ సంగతిని తెలుపు శాసనములు రాయలసీమలోను కన్నడ దేశమునను పెక్కు చోట్ల నిలిచి యున్నవి. ఒక్కని చేతిపనికి మెచ్చి రాజ్యమందలి ఆ కులమున కంతటికిని పన్ను తీసివేయుట ఉదారమే. అయినను అది ప్రభువు మనస్సును బట్టి వచ్చినది. హక్కును బట్టి వచ్చినది కాదు. ప్రభువు మనస్సు మారిన నాడు అది పోవచ్చును. అందుచేతనే కాబోలు, దానిని పొందినవారు ఊరూర రాతి మీద చెక్కించి పెట్టుకొనిరి.

ఈస్టిండియా కంపెనీవారు మన దేశమునకు దొరలైన నాటికి ఇంటి మీద, అంగడి మీద, మగ్గము మీద, పనిముట్ల మీద పడు పన్నులన్నింటికిని కలిపి మొహతర్ఫా అను పేరుండెను. మగ్గము నేసినను పన్నే, గానుగ ఆడించినను పన్నే. పలు తావుల సేద్యగాని ఇంటికి ఇది పడలేదు. అతడు పొలము మీద కట్టుచున్నాడు గదా యని విడిచిరి. పొలము లేని చేతిపనివాని ఇంటికి మాత్రము తప్పలేదు. ఎవరికి నేల లేదో వారి గూటికే పన్ను! ఈ అన్యాయమును గూర్చి గట్టిగా అడిగినవారిలో మన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారు ముఖ్యులు. వారు 1852లో మదరాసులో నెలకొల్పిన స్థానిక ప్రజాసంఘము ఇంగ్లండు పార్లమెంటునకు పంపిన విన్నపములో భూమిశిస్తు వసూలులోని బాధలతో పాటు మొహతర్ఫా బాధను కూడ ఏకరువు పెట్టిరి. శిస్తు వసూలు కొరకు రైతులను హింసించుట నిజమేనని విచారణ సంఘము 1855లో తేల్చెను. 1860 దాటిన తొలి యేండ్లలో మొహతర్ఫా రద్దయ్యెను.

పొలము శిస్తు సంగతి చెప్పవలెనన్నచో థామస్ మన్రోను తలపక తప్పదు. రాయలసీమవారు మండ్రోలయ్య అని పిలుచుకొన్న ఈ దొర 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. 33 అడుగుల గొలుసు పట్టించి చేను చేనును కొలిపించెను. జమీందారు నడుమ లేకుండ ప్రతి రైతునకును సర్కారునకును నేరుగా లెక్క యుండవలె ననునదే రైత్వారీ పద్ధతి. 1807లో సీమ విడిచి పోవునప్పుడు, తాను కట్టిన శిస్తే యెక్కువ యని గ్రహించి, దానిలో నాలుగవ వంతు తగ్గించవలెనని పైవారికి వ్రాసెను. పైవారు వెంటనే వినలేదు. ఆయన తరువాత మదరాసు గవర్నరై వచ్చిన పిమ్మటనే, 1820 నాటికి, ఆ పద్ధతి రాష్ట్రమున స్థిరపడెను. 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి ఆయన మరణించెను.

ఈ రైత్వారీ లెక్కలో ఇల్లు ఎక్కడ నున్నదని మనము చూడవలెను. శిస్తును కట్టినది పంటను బట్టి. నేల మాగాణియా మెట్టయా, మన్ను నల్లదా ఎఱ్ఱదా, నీరు చెరువుదా కాలువదా అని విచారించి తరము నిర్ణయించిరి. ఇంటి క్రింది నేల పండదు; కావున దానికి తరము లేదు. తరము లేని నేలకు శిస్తు లేదు. ఊరి ఇండ్లన్నింటిని ఒక గీతలో చుట్టి, ఒక సర్వే నెంబరు వేసి, గ్రామకంఠమని వ్రాసి విడిచిరి. దానిలోపల ఏ ఇల్లు ఎవరిదో, ఏ దొడ్డి ఎంతవరకో సర్కారు విచారింపలేదు. విచారించి లాభమేమి? పైకము రాలని చోట గొలుసు పట్టువా డుండడు.

దీనిని దయ యనవలెనా? మాకు ఇప్పుడు తోచున దేమనగా, ఇది దయ కాదు. లెక్కలో నుండి జారిపోవుట. అయినను దాని ఫలము చిన్నది కాదు. సేద్యగానికి ఇల్లు లేక సేద్యము లేదు. ఎద్దులను కట్టుటకు చోటు, ఎరువు పోగు చేయుటకు చోటు, విత్తనము దాచుటకు చోటు - ఇవి యన్నియు పెరటిలోనే. రెండెకరముల రైతునకు పెరటిలోని అరటిపిలకయు, ఆనపపాదును, ఒక పాడిగేదెయు కఱవు కాలమున కడుపు నింపెడివి. ఈ పెరటి మీద కూడ శిస్తు పడి యుండినచో, పొలము పండని యేట శిస్తు కట్టలేక ఊరు విడిచిపోవువారి సంఖ్య ఇంకను పెరిగి యుండెడిది. పేరు లేకున్నను, ప్రభువు తలపెట్టకున్నను, ఆ మినహాయింపు బీదవానికి గంజి పోసినది. మేము మొదట అన్న మాటలో ఇంత మాత్రము నిజమున్నది.

ఇక చట్టముల సంగతి. మూడు చట్టములను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినచో మన కథ స్పష్టమగును. మొదటిది 1864 నాటి మదరాసు రెవెన్యూ వసూలు చట్టము. భూమియు, దాని మీది కట్టడములును, దాని పంటయు సర్కారు శిస్తునకు హామీ యని అది చెప్పును. బకాయి పడినవాని చరాస్తిని, స్థిరాస్తిని అమ్మించుటకు కలెక్టరునకు అధికార మిచ్చును.

రెండవది 1905 నాటి భూ ఆక్రమణ చట్టము. రోడ్లు, వీధులు, ఏళ్లు, వాగులు, చెరువులు, ఇతరుల ఆస్తి కాని సమస్త భూములును ప్రభుత్వపు ఆస్తియే యని ఆ చట్టము మొదటనే చాటినది. పోరంబోకు నాక్రమించినవాని మీద శివాయిజమా వేయుటకు, అతనిని వెడలగొట్టుటకు దారి చూపినది. అంత పెద్ద వలలో నుండి కొన్నింటిని మాత్రము వదలిరి. పట్టా భూములు, జమీందారు భూములు, ఇనాములు మొదలైనవి చెప్పిన పిమ్మట, గుడి స్థలమును, ఇంటి నివేశనముగా గాని పెరడుగా గాని సొంతమై యున్న నేలను సర్కారుది కాదని విడిచిరి. పెరడను సామాన్యమైన మాట చట్టమున కెక్కి, గుడితో సమానముగా నిలిచినది! ఇది చిన్న విషయము కాదు. కాని ఆ వాక్యములో ఒక మెలిక యున్నది. పెరడు సొంతమై యుండవలెను. సొంతమని దేనిచేత తెలియును? పొలమున కైతే శిస్తు రసీదు చూపవచ్చును. శిస్తే లేని పెరటికి ఏ రసీదు చూపవలెను? ఊరి పెద్దల మాట, ఇరుగుపొరుగు సాక్ష్యము, తరతరముల అనుభవము - ఇంతే.

మూడవది 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు. దాని 60వ సెక్షను అప్పులవాని తీర్పు క్రింద జప్తు చేయరాని వస్తువులను చెప్పును. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారమును బట్టి స్త్రీ తీయరాని నగలు, వృత్తివాని పనిముట్లు, సేద్యగాని నాగలి, ఎద్దులు, విత్తనపు గింజలు - వీనితో పాటు సేద్యగాడు తాను కాపురమున్న ఇల్లు, దాని నివేశనము, దానిని ఆనుకొని అనుభవమునకు అవసరమైన నేల. 1976లో ఈ రక్షణను కూలివానికి, ఇంటి పనివానికి కూడ విస్తరించిరి. సాహుకారు పత్రము వ్రాయించుకొని పొలమును వేలము వేయింపగలడు. సేద్యగాని ఇంటిని, పెరటిని తాకలేడు. సర్కారు బకాయి వసూలునకు మాత్రము ఈ కట్టుబాటు వర్తింపదు. దానికి 1864 నాటి చట్టము వేరుగా నున్నది. అప్పు ఇచ్చినవానికి లేని అధికారమును శిస్తు అడుగువారు తమకుంచుకొనిరి.

ఆ అధికార మెట్టిదో 1922లో గుంటూరు జిల్లావారు చూచిరి. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు కట్టమని నిలిచిరి. ఊరూర శాంతిసేన నడిచినది. గ్రామాధికారులు పెక్కుమంది పదవులకు రాజీనామా లిచ్చిరి. సర్కారు జప్తులకు దిగెను. శిస్తు పొలము మీదిదే. జప్తునకు వచ్చువారు మాత్రము ఇంటి మీదికే వత్తురు. ఇంటికి పన్ను లేకున్నను, పన్ను బాధ ఇంటి గడప యొద్దనే తెలియును. అదే సంవత్సరము ఫిబ్రవరిలో పల్నాటి మించాలపాడులో, అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతుగారు పోలీసు కాల్పులలో అసువులు బాసిరి. ఇల్లరి పోయినను పుల్లరి పోలేదు. పెరటిలోని పశువు పెరటి గడ్డితోనే బ్రతుకదు గదా!

పెదనందిపాడు ఉద్యమము ఆ చలికాలముననే నిలిచిపోయినను, శిస్తు భారము చిన్న రైతునకు వేరు, పెద్ద రైతునకు వేరు అను ఆలోచన దేశమున నాటుకొన్నది. గాంధీజీ 1930లో కోరిన పదునొకండు కోరికలలో భూమిశిస్తును సగమునకు తగ్గించుట ఒకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ఇంకొక అడుగు ముందునకు వేసెను. చిన్న రైతులకు శిస్తు తగ్గించవలెననియు, గిట్టుబాటు కాని కమతములకు అవసరమున్నంత కాలము తీసివేయవలెననియు తీర్మానించెను. గమనింపుడు: నాసికపు శాసనము నాడు మినహాయింపు పుణ్యము కొరకు. విజయనగరము నాడు మెప్పు కొరకు. రైత్వారీలో లెక్కకు రానందున. కరాచీలో మొదటి సారిగా, బీదవాడగుటయే మినహాయింపునకు తగిన కారణమని ఒక మహాసభ పలికినది. అంతకు ముందు అది ఇచ్చువాని చేతిలోనిది. ఆ నాటి నుండి అది అడుగువాని నోటిలోనికి వచ్చినది.

స్వరాజ్యము వచ్చిన తరువాత 1948 నాటి చట్టముతో మదరాసు రాష్ట్రమున జమీందారీలు రద్దయ్యెను. ఎస్టేటు భూములన్నియు సర్కారునకు సంక్రమించినవి. అప్పుడు పుట్టిన ప్రశ్న: ఎస్టేటు ఊరిలోని నత్తము సంగతి ఏమి? జనులు ఇండ్లు కట్టుకొని కాపురమున్న నివేశనములు సర్కారునకు పోవని మదరాసు హైకోర్టు 1959లో తీర్పు చెప్పినది. ఇంటివానిదే ఇల్లు అనుటకు ఒక కోర్టు, ఒక తీర్పు, ఇన్ని యేండ్లు కావలసి వచ్చినది.

ఇంత చెప్పియు, పరుల నేలలో గుడిసె వేసికొన్న కూలివానిని మఱచినచో చరిత్ర అసమగ్రము. భూస్వామి దొడ్డి మూల అతని సెలవుతో కాపురమున్న పాలేరునకు గ్రామకంఠమును లేదు, పెరడును లేదు. కూలికి రానన్న నాడు గుడిసె విప్పుకొని పోవలసినదే. అట్టివారి కొరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1976లో నివేశన స్థలముల అనుభవదారులకు యాజమాన్య హక్కు నిచ్చు చట్టము చేసెను. పన్ను మినహాయింపు కన్న ముందు కావలసినది పన్ను వేయదగిన నేల ఒకటి తనదని చెప్పుకొనగలుగుట.

మన శ్రోత ప్రశ్నకు ఇప్పుడు రావచ్చును. 1971లో పట్టాదారు పాసుపుస్తకముల చట్టము వచ్చినప్పుడు భూమి యన్న మాటకు సేద్యపు భూమి యనియే అర్థము చెప్పిరి. ఇంటి నివేశనము మరల లెక్కకు బయటనే నిలిచినది. 1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబుల పదవులను రద్దు చేసినది. ఆ పదవులలో జరిగిన అన్యాయములు తక్కువవి కావు. రద్దును జనులు మెచ్చిరి. అయినను గ్రామకంఠములో ఏ గోడ ఎవరిదో, ఏ సందు ఎవరి నడక దారియో కాగితమున లేదు. అది ఆ కరణము జ్ఞాపకములోనే యుండెడిది. ఆయనతో పాటు ఆ జ్ఞాపకమును పోయినది. రాజధాని కొరకు 2015లో భూసమీకరణ జరిగిన కృష్ణాతీరపు గ్రామములలో, గ్రామకంఠపు ఎల్ల ఎక్కడి వరకను ప్రశ్న మీద ఎన్ని వివాదములు వచ్చినవో పాఠకులకు తెలిసినదే.

ఇతర దేశముల వారు ఇట్టి చిక్కును ఎట్లు దాటిరో కొంచెము చూతము. టెక్సాసు స్వతంత్ర రిపబ్లికుగా నున్న 1839లో, ప్రతి కుటుంబమునకును 50 ఎకరముల వరకు నేలను గాని, పట్టణములో ఒక ఇంటిస్థలమును గాని అప్పులవారు జప్తు చేయరాదని చట్టము చేసిరి. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1862లో, ఐదేండ్లు కాపురముండి సాగు చేసినవానికి 160 ఎకరములు ఇచ్చుటకు పూనుకొనెను. పట్టణములు పొలముల మీదికి ప్రాకినప్పుడు నేల వెలతో పాటు పన్నును పెరిగి, చిన్న రైతులు అమ్ముకొని పోవలసి వచ్చినది. అందుచేత న్యూజెర్సీ 1964లో, కనీసము 5 ఎకరములు సాగులో నున్నచో బజారు వెలను బట్టి గాక సాగు విలువను బట్టియే పన్ను వేయవలెనని శాసించెను. నేడు ఆ దేశమున ఇండ్లు కట్టుకొన్న మన తెలుగువారికి ఈ మినహాయింపుల పేర్లు బాగుగ తెలియును. అక్కడి పద్ధతిలో ఒక విశేషము కలదు. మినహాయింపు కావలసినవాడు దరఖాస్తు పెట్టవలెను. అధికారి పరిశీలించి పుస్తకమున వ్రాయును. ఆ విధముగ మినహాయింపే ఒక పత్రమగుచున్నది. మన గ్రామకంఠములో మినహాయింపు తనంతట వచ్చినది. కావున పత్రము రాలేదు. అడిగి తెచ్చుకొన్నదానికి గురుతు మిగులును. అడుగక దొరకినదానికి గురుతు మిగులదు.

ఈ లోటును తీర్చు ప్రయత్నము మన దేశమున ఇటీవలనే ఆరంభమైనది. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము స్వామిత్వ పథకమును ప్రారంభించెను. ఊరి మీద డ్రోను నెగురవేసి, చిత్రములు తీసి, ప్రతి ఇంటి ఎల్లను గుర్తించి, ఇంటివారికి ఆస్తి పత్రము నిచ్చుట దాని ఉద్దేశ్యము. అదే సంవత్సరము డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో భూముల సమగ్ర రీసర్వే మొదలైనది. గ్రామకంఠములను కూడ అందు చేర్చిరి. మన్రో గొలుసు పొలిమేర యొద్ద ఆగినది. ఇంచుమించు రెండు వందల యేండ్లకు డ్రోను నీడ పెరటి మీద పడినది. కొందరు ముసలివారికి దీని యెడ అనుమానము లేకపోలేదు. కొలిచిన తరువాత పన్ను రాదా యని వారడుగుదురు. ఆ అనుమానమునకు వెనుక చరిత్ర యున్నది. దానిని నవ్వి త్రోసివేయరాదు. నేలను కొలుచువాడు వచ్చిన ప్రతి సారియు వెనుకనే పన్ను అడుగువాడును వచ్చుట వారి తాతలు చూచిరి. మొహతర్ఫా పోయినను పంచాయతీ ఇంటిపన్ను మరల వచ్చినది గదా!

అయినను ఆ ఇంటిపన్నే నేడు బీదవానికి కొంత ఆధారమగుట విచిత్రము. పంచాయతీవా రిచ్చు ఇంటిపన్ను రసీదు హక్కుపత్రము కాదు. కాని ఫలానావాడు ఫలానా ఇంట ఇన్ని యేండ్లుగా కాపురమున్నాడనుటకు అది సాక్ష్యము. పన్ను కట్టనందున పోయిన ఋజువు పన్ను కట్టినందున తిరిగి వచ్చుచున్నది. వెనుకటివారు ఇంటిని పన్ను నుండి దాచిరి. నేటివారు పన్ను రసీదు చాటున ఇంటిని దాచుకొనుచున్నారు.

మాకు ఉత్తరము వ్రాసిన శ్రోతకు మేము వేరుగా జవాబు వ్రాసితిమి. అట్టి ఇంటనే కాపురమున్న ఇతర శ్రోతలకు కూడ పనికివచ్చునని దానిలోని ముఖ్యాంశములను ఇక్కడ చెప్పుచున్నాము. ఇంటిపన్ను రసీదులను ఏటేట భద్రపరచుకొనుడు. తాతనాటి పంపకపు కాగితము, విద్యుత్తు బిల్లు, పాత దస్తావేజు ఏది యున్నను చించివేయకుడు. ఊరిలో కొలతకు వచ్చిన దినమున కూలి పోయినను ఇంట నుండుడు. పొరుగువారితో కలిసి గోడను చూపుడు. కొలత ముగిసిన పిమ్మట వారు వ్రాసిన దానిని చదివించుకొని, తప్పున్నచో గడువు లోపలనే చెప్పుడు. ఇంటిలో ఆడవారి కాపురము, వారి కష్టము కూడ ఉన్నది కావున, పత్రముపై వారి పేరు కూడ వ్రాయించుకొనుడు.

పెరటికి శిస్తు లేకుండుట మంచిదే. చిన్న సంసారి నిలుచున్న నాలుగు సెంట్లను ఏ ప్రభుత్వమును ఆదాయమార్గముగా చూడరాదని మేము ఇప్పటికిని నమ్ముచున్నాము. కాని శిస్తు పుస్తకములో పేరు లేకపోయినంత మాత్రమున హక్కు పుస్తకములో కూడ పేరు లేకుండ పోరాదు. ఈ రెండు పుస్తకములు వేరని మన పాలకులు తెలిసికొనుటకు రెండు శతాబ్దములు పట్టినది. మేము ప్రసంగములో దయ యని ఒక్క మాటతో తేల్చివేసినదానిని, ఇంటికి కాగితము లేక బాధపడిన శ్రోత యొకరు సరిదిద్దిరి. వారికి మా కృతజ్ఞతలు. వారి అమ్మాయి చదువు ఆగలేదనియు, ఊరిలో కొలత ముగిసి, తమ వాకిలికి ఒక నెంబరు పడినదనియు ఇటీవల మరల ఉత్తరము వ్రాసిరి. పత్రము ఇంకను చేతికి రాలేదట. వచ్చిన నాడు తెలియజేతుమనిరి. మేమును ఎదురుచూచుచున్నాము.